గుమ్మడి పిందెకు కట్టిన దారం

అంబమ్మ ఎవర్నీ నమ్మదు. పాలామె చెంబు ఎత్తితే ముందు చెంబు అడుగు చూస్తుంది. ఆటో ఎక్కేముందు డ్రైవరు కళ్ళు ఎర్రగా ఉన్నాయేమో చూస్తుంది. ఊళ్ళోకి ఎవరో వచ్చి ఉచితంగా కంటి పరీక్షలు చేస్తామంటే, జనమంతా వరుసలో నిలబడి ఉండగా, "ఊరికే చూస్తారంట. చూసి ఏం పీక్కపోతారో అడగండి ముందు" అన్నది ఆమే. వరుసలో సగం మంది ఇళ్ళకు పోయినారు.

నమ్మకమే జీవితం అని గోడల మీద రాసేవాళ్ళు ఉంటారు. వాళ్ళ ఇళ్ళకూ తాళాలుంటాయి. అంబమ్మ గోడ మీద ఏమీ రాయలేదు, అంతే తేడా.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు వాళ్ళది. మొగుడు గిడ్డయ్య ఆదోని పత్తి యార్డులో హమాలీ. ఆమె కూలికి పోతుంది. ఉల్లి, వేరుశనగ, మిరప, ఏ కాలానికి ఏది ఉంటే దానికి. ఒక్కతే కూతురు, స్వాతి, నాలుగో తరగతి. సుగ్గి కాలంలో, అంటే కోతల వలస రోజుల్లో, ఊరు ఊరంతా మూట కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతే, అంబమ్మ మాత్రం స్వాతికి బడి పోతుందని ఇల్లు కదలదు. ఎక్కువ కూలి వదులుకున్న పిచ్చిదని ఇరుగుపొరుగు అంటారు. అననీ. ఆమెకు ఈ లోకంలో ఒక్కటే పట్టు: కూతురు సీడు చేనిలో నిలబడకూడదు.

సీడు చేను అంటే ఏమిటో ఈ వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పాలి. అది బట్టకు కాదు, విత్తనానికి పండించే పత్తి. ఒక రకం మొక్క పువ్వులోని పుప్పొడిని ఇంకో రకం మొక్క పువ్వుకు చేత్తో అద్దాలి. దాన్ని క్రాసింగు అంటారు. సాయంత్రం మొగ్గ తొక్క గోటితో వలిచి పెట్టాలి. మరుసటి పొద్దున పుప్పొడి అద్ది, అద్దిన పువ్వుకు గుర్తుగా దారం కట్టాలి. ఇట్లా చేనంతా, పూత ఉన్నన్నాళ్ళూ. చెట్టు ఎత్తు పిల్లల ఎత్తు. పిల్లలైతే వంగనక్కర్లేదు, వేళ్ళు సన్నం, పువ్వు చిట్లదు అని చేనుగలవాళ్ళు అనేవాళ్ళు. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆ మొగ్గల మీద ఎంత దయ ఉన్నట్టు చెప్పేవాళ్ళో.

అంబమ్మ మూడో తరగతిలో ఉన్నప్పుడు ఈ ఊరి బడిలోనే ఒక సారు ఉండేవాడు. మంచి మాటకారి. పిల్లల్ని కొట్టేవాడు కాదు. ఊరి బయట కొంత చేను కౌలుకు తీసుకుని సీడు పత్తి వేసినాడు. ఒక పొద్దున, "రాండ్రా, ఈ పొద్దు బయట పాఠం. పువ్వు కాయెట్ల అవుతాదో కండ్లతో చూసి నేర్సుకుందురు" అని పిల్లలందర్నీ తీసుకుపోయినాడు. పిల్లలకు పండగ. నల్లబల్ల లేదు, ఎక్కాలు లేవు. ఆ పాఠం మరుసటి రోజూ జరిగింది. ఆ మరుసటి రోజూ జరిగింది. పూత అయిపోయేసరికి అంబమ్మకు ఎక్కాలు పోయినాయి. మరుసటేడు సారు పిలవాల్సిన పని కూడా లేకపోయింది. నాయనే చెయ్యి పట్టుకుని చేను గట్టు మీద దించి వచ్చినాడు. ఇప్పుడామె బస్సు బోర్డు చదవగలదు, తన పేరు రాయగలదు. అంతవరకే.

అందుకని ఆమె అనుమానం గుణం కాదు, జ్ఞాపకం. ఏ పనికైనా పోతుంది, సీడు చేను గట్టు తొక్కదు.

ఆ బడికి ఈ ఏడు కొత్త టీచరు వచ్చింది. పేరు జ్యోత్స్న. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి పిల్ల, రోజూ బస్సులో వచ్చి పోతుంది. వచ్చిన నెల తిరక్కముందే బడి వెనక కంపచెట్లు కొట్టించి, మట్టి తవ్వించి, పిల్లలతో గోంగూర, వంగ, బెండ, గుమ్మడి పెట్టించింది. బడితోట అని బోర్డు రాసింది. ఇట్లాంటి తోటలు మన దగ్గర చాలా లేచినాయి. పైనుంచి ఎవరో వస్తారు, పిల్లలు నీళ్ళు పోస్తున్నట్టు ఫొటో దిగుతారు, ఫొటో పోయినచోటికి పోతుంది, తోటను మేకలు మేస్తాయి. ఇది మాత్రం మేకలకు దక్కలేదు. గోంగూర నిజంగానే వచ్చింది. మధ్యాహ్నం పప్పులో పడింది కూడా.

పడిందని అంబమ్మ నమ్మలేదు. బడిలో వంట చేసే మేరిని బోరింగు దగ్గర పట్టుకుంది.

"మేరక్కా, ఆ గోంగూర నిజంగ పిలకాయల కడుపులోకే పోతాండాదా?"

"లేదు, నేనే తిని లావైపోతాండా, కనపడతాలేదా?" అంది మేరి.

"తమాషా గాదు. టీచరమ్మ సాయంత్రం బస్సెక్కేటప్పుడు సంచిలో ఏముంటాది?"

"టిఫను డబ్బా ఉంటాది. మూత తీసి సూపీమందువా?"

"అడిగితే తప్పేముంది? ఆయమ్మ చేసిన తోటా, మన పిలకాయలు చేసిన తోటా? రెక్కలు ఎవరివి?"

మేరి బిందె చంకనెత్తుకుని, "నీ కూతురు ఇంట్లో గోంగూర పెడితే మొగం తిప్పుకుంటాది. బడిలో తాను నాటిన గోంగూరని ఇంకో గరిటె అడిగి పోయించుకుంటాది. నీకు సందేహం ఉంటే దాని కడుపును అడుగు" అని పోయింది.

మేరి మాట నిజమే కావచ్చు. కానీ తోట గట్టున కొత్తగా నల్ల డ్రిప్పు పైపు కనబడింది. అది ఎర్రిస్వామి ఇచ్చినాడని తెలిసింది. ఎర్రిస్వామి ఊళ్ళో సీడు పత్తి వేయించే మనిషి. తన చేనులో వేస్తాడు, పక్కవాళ్ళ చేత వేయిస్తాడు. బడి కమిటీలో కూడా ఉన్నాడు. బడితోటకు పైపిచ్చిన దాత అని టీచరు పిల్లల చేత చప్పట్లు కొట్టించిందట. దానం మంచిదే. కానీ పైపు ఊరికే ఎవరిస్తారు? అంబమ్మ ఆ పైపు చుట్టూ రెండు సార్లు తిరిగి చూసి వచ్చింది, దాంట్లో నీళ్ళు కాక ఇంకేమైనా పారుతున్నాయేమో అన్నట్టు.

అసలు దెబ్బ ఒక ఆదివారం పొద్దున తగిలింది. ఇంటి వెనక దడి మీద గుమ్మడి తీగ పాకి ఉంది. స్వాతి అక్కడ నిలబడి ఏదో చేస్తోంది. సన్న కాడ ఉన్న పువ్వును తుంచింది, రెక్కలు వెనక్కి వంచి చీల్చింది, మధ్యలో ఉన్న పసుపు పొడిని పక్కనున్న ఇంకో పువ్వు నడుమ మెల్లగా అద్దింది. ఆ పువ్వు కింద బుడిపంత పిందె ఉంది. ఆ పిల్ల జేబులోంచి ఎర్ర దారం ముక్క తీసి పిందె కాడకు కట్టింది. ముడి వేసిన తీరు చూసి అంబమ్మ దడి దగ్గరికి వచ్చింది. ఆ ముడి ఆమె వేళ్ళకు తెలుసు.

"యాడ నేర్సుకున్యావే అది?"

"బడిలో మా. చుట్టూ చేండ్లకు మందు కొడతారు గదా, తేనెటీగలు రావంట. అందుకని పిందెలు పండబారి రాలిపోతాండాయి. మగ పువ్వుతో ఆడ పువ్వుకు మనమే అద్దాలని టీచర్ నేర్పించినాది. ఎవరి పువ్వుకు వాళ్ళు దారం కట్టుకోవాల. నాది ఎరుపు."

"దారం యాడిది?"

"టీచర్ వాళ్ళింట్లో మగ్గం కాడ మిగిలినవి. బాగుంది గదా?"

ఆ రాత్రి అంబమ్మ గిడ్డయ్యకు చెబితే అతను, "గుమ్మడికాయ్ గదమ్మే, పత్తి గాదు గదా" అన్నాడు.

"చేతికి పని వస్తే, పనికి ఆ చెయ్యి కావాలంటారు. గుమ్మడో పత్తో చేతికేం తెల్సు?"

"అయితే ఏం చేద్దామంటావు?"

"బడి మానిపిస్తా."

గిడ్డయ్య అటు తిరిగి పడుకున్నాడు. ఆమెతో వాదించడం కంటే పత్తి బేలు మోయడం సులువని అతనికి తెలుసు.

సోమవారం స్వాతి ఏడుస్తూ ఉండగా అంబమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని ఉల్లి కలుపుకు పోయింది. ఇంట్లో ఒంటరిగా వదలలేదు, బడికి పంపలేదు, మిగిలింది చేనే. కూతురు పనికి పోకూడదని బడి మానిపించి, చేనికే తీసుకుపోయింది. ఈ తిరకాసు ఆమెకు అప్పుడు తోచలేదు. అనుమానం ఎక్కువైనప్పుడు మనిషి ఒక వాకిలి మాత్రమే కాస్తాడు.

ఆ ఉల్లి చేను ఎర్రిస్వామిది. బాటకు అవతల అతని సీడు పత్తి. పది గంటల ప్రాంతంలో అతనే వచ్చినాడు. గట్టున కూర్చున్న స్వాతిని చూసి నవ్వినాడు.

"ఏమ్మా అంబమ్మా, పాప ఈడుంది, బడి లేదా?"

"ఒంట్లో బాగలేదన్నా."

"బాగయితే శనివారానికి పంపు. అందర్నీ మా సీడు చేనికి తీస్కపోతాండాం. టీచరమ్మ ఒప్పుకున్నాది. పుస్తకాల సంచీ లేని శనివారం గదా, బయట పాఠం." స్వాతి వైపు తిరిగినాడు. "ఈ పాప చేతులు బో సన్నం. బడికాడ గుమ్మడి పువ్వుకు చేస్తాంటే చూసినాలే. మనోళ్ళు నెలదినాలు నేర్పించినా రాదు అట్ల."

మెచ్చుకోలుగానే అన్నాడు. అంబమ్మ చేతిలో కలుపు తీసే తొలిక ఆగిపోయింది. బయట పాఠం. అదే మాట, అదే చేను, మనుషులే మారినారు. ఆమె ఇంకో సాలు పట్టలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, కాళ్ళకు మట్టి అలాగే ఉండగా, నేరుగా బడికి నడిచింది.

జ్యోత్స్న వరండాలో పిల్లల చేత కూడికలు చేయిస్తోంది. స్వాతిని చూసి లేచి వచ్చింది.

"వచ్చినావా. పొద్దున్నుంచి చూస్తున్నా."

"మేడం, నువ్వు పిలకాయలకు నేర్పిస్తాండేది చదువా, పనా?" అంది అంబమ్మ.

"రెండూ వేరని ఎందుకనుకుంటావమ్మా?"

ఇది ట్రైనింగు క్లాసులో బాగా పేలే వాక్యం. వరండాలో పేలలేదు.

"నాకు వేరు. వేరు కాబట్టే నేనిట్లున్నా. ఎర్రిస్వామన్న పైపిచ్చినాడు. నువ్వు క్రాసింగు నేర్పించినావు. శనివారం ఆయన చేనికి తోల్కపోతాండావు. నాకేం అర్థమవుతాదో నువ్వే చెప్పు."

జ్యోత్స్న మొహం ఎర్రబడింది. "పైపు అడిగింది నేనే. నీళ్ళు మోయలేక పిల్లలు అవస్థ పడుతుంటే అడిగినా. ఆయనిచ్చినాడు. నన్ను కొన్నాడంటున్నావా?"

"నేనట్ల అన్లేదు. నువ్వే అన్యావు."

లోపల్నుంచి మేరి గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడింది. పిల్లలు కూడికలు ఆపేసినారు.

"చిన్నప్పుడు నేనూ మగ్గానికి నూలు కండెలు చుట్టినానమ్మా," అంది జ్యోత్స్న. "బడికి పోయే ముందు, వచ్చినాక. పని చేస్తే పిల్లలు చెడిపోరు."

"నీకు బడి మిగిలినాది మేడం. నాకు మిగల్లేదు. నన్ను తీస్కపోయింది గూడ ఇట్లాంటి సారే. ఈ బడే. చూసేదానికని తీస్కపోయినాడు. చూసేదానికి పోయినోళ్ళం పెండ్లయ్యేదాక ఆ చేండ్లలోనే ఉంటిమి."

జ్యోత్స్నకు ఇది ఎవరూ చెప్పలేదు. ఎమ్మిగనూరు నేత పేటలో పెరిగిన పిల్ల పత్తి నూలును చూసింది కానీ పత్తి పువ్వును చూడలేదు. అయినా వెంటనే మెత్తబడలేదు, అందుకు నేను ఆమెను మెచ్చుకుంటాను. "అప్పుడు జరిగింది ఇప్పుడూ జరుగుతుందని ఎట్లా చెప్తావు? ఆయన చూపిస్తానన్నాడు. చూసి వస్తే ఏం పోతుంది? కమిటీలో పెద్దమనిషి, రానని చెప్పడానికి నాకు కారణం కావాలి గదా."

"కారణం శనివారం వస్తాది. నేనూ వస్తా," అంది అంబమ్మ. స్వాతిని మాత్రం బడిలో వదల్లేదు.

శనివారం పొద్దున బడి ముందు ట్రాక్టరు నిలబడింది. పిల్లలు అప్పుడే ట్రాలీ చక్రాలు ఎక్కి దిగుతున్నారు. ఎర్రిస్వామి తెల్ల చొక్కా వేసుకుని వచ్చినాడు. పిల్లలకు బిస్కెట్లు కూడా తెచ్చినాడు. స్వాతి తల్లి కొంగు పట్టుకుని ట్రాలీ వైపే చూస్తోంది, ఎక్కాలని ఉంది ఆ పిల్లకు.

"అన్నా, ఒక మాట," అంది అంబమ్మ. గొంతు పెంచలేదు. "చూసేదానికే గదా పోతాండేది?"

"మరి తినేదానికా?"

పిల్లలు నవ్వినారు.

"అయితే మద్దేనం పోదాంలే. అన్నం తిని పోతారు. ఎండలో పొద్దున్నే ఎందుకు?"

"మద్దేనం ఏముంటాదమ్మా చూసేదానికి? పువ్వు వాడిపోతాది. అద్దే పని అంతా పొద్దుటేళే గదా."

"అద్దే పని చేసేటోళ్ళకు పొద్దుటేళ కావాల. చూసేటోళ్ళకు ఎప్పుడైతే ఏమి? చెట్టు యాడికీ పోదు, కాయ యాడికీ పోదు."

ఎర్రిస్వామి నవ్వు అలాగే ఉంచినాడు, కళ్ళు మాత్రం టీచరు మీదికి తిప్పినాడు. "ఈయమ్మ మాట కట్టి పెట్టు టీచర్. రెండు పువ్వులు పిల్లలు చేత్తో పట్టుకుంటే తప్పా? చూసి నేర్చుకోవడమంటే అదే గదా. నువ్వే చెప్పినావు."

నిజం, బడితోట మొదలుపెట్టినప్పుడు కమిటీ ముందు ఆమే చెప్పింది. తన మాట ఇంకొకరి నోట్లో వినబడితే ఎట్లా ఉంటుందో జ్యోత్స్నకు అప్పుడు తెలిసింది. ఆమె ట్రాలీ వైపు చూసింది, పిల్లల చేతుల వైపు చూసింది.

"మద్దేనమే పోదాం సార్," అంది.

"మద్దేనం ట్రాక్టరు పత్తికొండకు పోవాల. టమాటా లోడుంది."

"అయితే ఇంకో శనివారం. మద్దేనం పూట."

"ఇంకో శనివారం చూద్దాం," అన్నాడు అతను. బిస్కెట్లు పంచి, ట్రాక్టరు తిప్పుకుని పోయినాడు. ఇంకో శనివారం రాలేదు. కొన్నాళ్ళకు చేనికి పైపు చాల్లేదని మనిషిని పంపి డ్రిప్పు పైపు చుట్టించుకుపోయినాడు. పిల్లలు మళ్ళీ బిందెలు పట్టినారు.

పత్తికొండకు ఆ రోజు టమాటా లోడు పోయిందా అంటే, పోయింది. మేరి మరిది ఆ ట్రాక్టరులోనే మార్కెట్టుకు పోయి వచ్చినాడు. కాబట్టి ఎర్రిస్వామి నిజంగా చూపించడానికే పిలిచినాడేమో. రెండు పువ్వులు చేత్తో పట్టించి, బిస్కెట్లు పెట్టి, దించి పోయేవాడేమో. లేక పూత మీదున్న చేనికి ఇరవై జతల సన్న చేతులు దొరికినాయని సంబరపడినాడేమో. తేల్చి చెప్పమంటే నా వల్ల కాదు. అంబమ్మ వల్లా కాదు. తేలకపోయినా ఆమెకు ఫరవాలేదు. అనుమానం నిజమైతేనే పనికొస్తుందనుకోవడం అనుమానం లేనివాళ్ళ భ్రమ.

ఆ శనివారం ట్రాక్టరు పోయినాక, పిల్లల మొహాలు వాడిపోయి ఉండగా, జ్యోత్స్న అడిగింది. "సోమవారం నుంచి పంపుతావా?"

"పంపుతా. పువ్వు జోలికి పోకూడదు."

"పోతుంది. మిగతావాళ్ళంతా చేస్తుంటే ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడుతుందా? నేను నిలబెట్టను కూడా. అద్దకపోతే కాయ రాదు. అది తెలుసుకోవడం తప్పు కాదు."

అంబమ్మకు ఆ మొండితనం ఎక్కడో నచ్చింది. అడగ్గానే సరే అనేవాళ్ళ మీద ఆమెకు మరీ అనుమానం.

"అయితే నేను చూడాల," అంది.

"చూడు. గేటుకు తాళం లేదు."

సోమవారం పొద్దున కూలికి పోయే ముందు అంబమ్మ సద్ది మూటతో సహా వచ్చి తోట గట్టున కూర్చుంది. గుమ్మడి పువ్వులు విచ్చుకుని ఉన్నాయి. పిల్లలు తలా ఒక దారం ముక్క పట్టుకుని తీగల్లో దిగినారు. స్వాతి తల్లి వైపు చూడకుండా, ఇంకా కోపంగానే, ఒక మగ పువ్వు తుంచి రెక్కలు చీల్చింది. ఒక ఆడ పువ్వు మీద వంగింది. అద్దడం మొదలుపెట్టింది.

అంతలో పక్కసాలులో ఎవరికో ఊసరవెల్లి కనబడింది. అందరూ అటు పరుగెత్తినారు. స్వాతి చేతిలో పువ్వును మట్టిలో పడేసి, అద్దేది సగంలో వదిలేసి, దారం కట్టకుండా పరుగెత్తింది.

అంబమ్మ లేచి నిలబడింది. సీడు చేనిలో ఎవరూ పువ్వును సగంలో వదిలి పోలేదు. దప్పికైనా, కాలికి ముల్లు దిగినా, సాలు అయ్యేదాకా కదిలేది లేదు. కదిలితే మట్టిగడ్డ వీపు మీద పడేది. ఆమె టీచరు మొహం చూసింది. ఇప్పుడు అరుస్తుంది, అనుకుంది. పిందె రాలిపోతుందని అరుస్తుంది.

జ్యోత్స్న ఊసరవెల్లి దగ్గరికి పోయి, "ముట్టుకోవద్దు, రంగు మారేది చూడండి" అంటూ తనూ గొంతుక్కూర్చుంది. వదిలేసిన పువ్వు మాట ఎవరూ ఎత్తలేదు.

పొయ్యి దగ్గర్నుంచి మేరి పలకరించింది. "తృప్తిగ చూసుకున్యావా? ఇప్పుడన్నా నమ్మకం వచ్చినాదా?"

"ఈ పొద్దు అరవలేదు," అంది అంబమ్మ, సద్ది మూట ఎత్తుకుంటూ. "రేపు గూడ వస్తా."